పటేలు వలయంలో కూర్చున్న రోజు

ఫిబ్రవరి నెల, రెండో బుధవారం, మధ్యాహ్న భోజనాల తర్వాత.

హాజరైనవారు: జ్వరంతో ఇంటి దగ్గర ఉండిపోయిన ఇద్దరు తప్ప బడి పిల్లలందరూ. ఉపాధ్యాయులందరూ. బడిని స్థాపించిన ఆవిడ. వంట చేసే ఇద్దరు. బడి ఉన్న స్థలానికి యజమాని. ఆయన కోడలు. నేను.

ఆ రోజు నా డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి సమావేశమంటే నాకు ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ తర్వాతే విషయం. అయితే ఇన్నేళ్లలో ఒక స్థలం యజమానిని పిల్లలతో పాటు ఒకే హాజరులో రాయవలసి రావడం అదొక్కసారే. ఆయన వాళ్ల మధ్యే కూర్చున్నాడు కనుక అందులోనే రాశాను.

ఈ మధ్య బి.ఎడ్. ముగించి కొత్తగా బళ్లలో చేరుతున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, బెల్లు లేని, బెత్తం లేని, పిల్లలే నియమాలు చేసుకునే బళ్లు నిజంగా నడుస్తాయా అని అడుగుతుంటారు. ఆ సిద్ధాంతాల మీద వచ్చిన పుస్తకాలు నేను పెద్దగా చదవలేదు. చూసింది చెప్పగలను.

ఉద్యోగ విరమణ తర్వాత గుండ్లపోచంపల్లిలో ఇంట్లో కూర్చుని పేపరు రెండోసారి చదువుతున్న రోజుల్లో ఆ బడి స్థాపించిన ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. పిల్లలతో పని ఉండదని, గుర్తింపు కాగితాలు, ప్రభుత్వానికి పంపే నివేదికలు చూసుకుంటే చాలని చెప్పింది. ఆ బడిలో అందరూ ఆవిడను అక్క అనే పిలుస్తారు, కాబట్టి నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

బడి షామీర్‌పేట దాటాక లోపలికి వెళ్లే మట్టిరోడ్డు పక్కన ఉంది. ఒకప్పుడు అది ద్రాక్షతోట. తీగలు ఎప్పుడో పోయాయి గానీ, పందిరిని మోసిన రాతి కడీలు మాత్రం వరసలు వరసలుగా అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్యే పిల్లల పాఠాలు, ఆటలు, కూరగాయల మళ్లు. గాలి చెత్తగుట్టలున్న జవహర్‌నగర్ దిక్కు నుంచి తిరిగిన రోజున మాత్రం అందరూ ముక్కులు మూసుకుని గదుల్లోకి వెళ్లేవారు.

చేరిన మొదటి వారంలోనే నేను మేడ్చల్ బజారుకు వెళ్లి మంచి ఇత్తడి గంట ఒకటి కొనుక్కొచ్చి పీరియడు ప్రకారం కొట్టించాను. మూడో గంటకే నన్ను సభకు పిలిచారు. ఒక చిన్నపిల్ల తాను చింతగింజలు లెక్కపెడుతుంటే గంట మోగి లెక్క పోయిందని నా మీద ఫిర్యాదు చేసింది. అప్పుడే తెలిసింది నాకు, ఆ బడిలో సభ ఎలా నడుస్తుందో.

అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. దాన్ని వలయం అంటారు. నెలకొక పిల్లో పిల్లవాడో దాన్ని నడుపుతారు. అక్కడ ఒకటే కట్టుబాటు. నీకంటే ముందు మాట్లాడినవాళ్లు ఏమన్నారో, అవును నేనన్నది అదే అని వాళ్లు ఒప్పుకునేలా నువ్వు తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే నీ మాట. పెద్దలైనా అంతే. నేను ఆ పిల్ల మాటను తిరిగి చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మొదటి రెండుసార్లూ ఆమె తల అడ్డంగా ఊపింది. గంట శబ్దం ఎక్కువైందని కాదు ఆమె బాధ. లెక్క ఎక్కడ ఆగిపోయిందో తనకు మళ్లీ దొరకలేదని. మూడోసారికి అది నా నోటితో చెప్పాను. గంట వంటగదికి చేరింది. భోజనానికి మాత్రం కొట్టేవారు.

ఇక పటేలు సంగతి. స్థలం ఆయనది. పాతకాలపు రైతు. వెనక ఒకసారి సర్పంచిగా చేశాడు. ద్రాక్ష పోయాక ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. చుట్టుపక్కల తోటలన్నీ ప్రహరీలు కట్టిన వెంచర్లయ్యాయి గానీ ఈ ఒక్క ముక్క మాత్రం అక్క తండ్రితో ఉన్న స్నేహం వల్ల మాకు కౌలుకిచ్చాడు. ఆ కౌలు గడువు ఆ ఎండాకాలంతో ముగుస్తుంది. మళ్లీ రాసిస్తానని మాట ఇచ్చాడు, సంతకం కాలేదు. ఒక బిల్డరు ఆయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆయన మనవడు మా బడిలోనే చదివేవాడు. అంతకు ముందు చదివిన పెద్ద బడిలో వాడు మాట్లాడటమే మానేశాడట. పటేలు కోడలు మామతో వాదించి మరీ తెచ్చి మా దగ్గర చేర్పించింది. మొదట్లో వాడు కడీల వెంట ఒంటరిగా తిరిగేవాడు. ఎవరూ వాణ్ణి కదిలించలేదు. కొన్ని నెలలకు చిన్నపిల్లలు వాడి వెనక తిరగడం మొదలుపెట్టారు, ఎందుకంటే వాడు ఎప్పుడూ ఏదో ఒకటి కడుతుండేవాడు. మెల్లగా మాట వచ్చింది.

ఆ సోమవారం ఉదయం వాడు ఐదారుగురు చిన్నపిల్లలతో కలిసి వంటగది వెనక నుంచి మళ్ల దాకా నీళ్ల కాలువ తవ్వుతున్నాడు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు ఒక కొస వాడి చేతిలో, రెండో కొస ఇంకో పిల్లవాడి చేతిలో. అప్పుడే పటేలు జీపు గేటు దాటి లోపలికి వచ్చింది. ఆయన ఎప్పుడూ హారను కొట్టుకుంటూ నేరుగా వచ్చేసేవాడు. బడి వేళప్పుడు ఒంటినిండా మట్టితో ఉన్న మనవణ్ణి చూసి ఆగాడు. ఏడెనిమిదులెంత అని అడిగాడు. వాడు నీటి మట్టం మీద నుంచి చూపు తిప్పకుండా, "ఆగు తాతా, పైపు కదుల్తది" అన్నాడు. పటేలు చెంప మీద కొట్టాడు. పైపులో నీళ్లు ఒలికిపోయాయి.

తర్వాత ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి అక్కతో, నాతో ఒకటే మాట అన్నాడు. "ఎండకాలం కాంగనె వీన్ని హాస్టల్ల ఏస్త. మీ బడి సంగతి గూడ గప్పుడే సూస్త."

మా బడి గోడ మీద పిల్లలు రాసుకున్న నియమాల్లో మొదటిది ఇది: ఈ చోట ఎవరి మీదైనా చెయ్యెత్తినవాళ్లు వలయంలో కూర్చుని మాట్లాడాలి. పెద్దవాళ్లైనా సరే. అంతకు ముందు ఒక లెక్కల మాస్టారు ఒక పిల్లవాడి చెవి మెలిపెట్టినందుకు వలయంలో కూర్చున్నాడు. మంచి కుర్రవాడు, కొత్తగా చేరాడు. కూర్చుని చెప్పి, విని లేచాడు. కానీ బయటివాళ్ల విషయం ఎప్పుడూ రాలేదు. పైగా ఈ బయటివాడు మేము నిలబడ్డ నేలకు యజమాని.

మధ్యాహ్నానికి పిల్లలు సభ పెట్టి పటేలును పిలవాలని తీర్మానించేశారు. పెద్దవాళ్లం గదిలో చేరాం. బడి ఉంటేనే గదా నియమం ఉండేది అని ఒకరు. ఈ ఒక్కసారి వదిలేస్తే ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిందంతా ఉత్తదేనా అని లెక్కల మాస్టారు.  చివరికి అక్క, సభ తీర్మానాన్ని మార్చగలిగేది సభే, మీకు చెప్పాలని ఉంటే వెళ్లి వాళ్లకే చెప్పండి అంది.  ఆ బడి తప్ప ఆవిడకు ఇంకో బతుకు లేదు.

చెప్పే పని నా మీద పడింది. అనుభవజ్ఞుణ్ణి గదా. మళ్లీ వలయం కూర్చుంది. పిల్లల వాదనను వాళ్లు ఒప్పుకునేలా ముందు తిరిగి చెప్పి, కౌలు అంటే ఏమిటో, సంతకం ఎందుకు ముఖ్యమో వివరించి, రెండు నెలలు ఆగుదామని, సంతకం అయ్యాక పిలుద్దామని చెప్పాను. నా సర్వీసులో ఎందరో అధికారుల ముందు ఇంతకంటే బలహీనమైన వాదనతో నెగ్గుకొచ్చాను. ఇక్కడ చింతగింజల పిల్ల చెయ్యెత్తింది. నా మాటను తప్పు లేకుండా తిరిగి చెప్పింది. నేను ఒప్పుకున్నాను. అప్పుడు అడిగింది.

"మరి సంతకం అయ్యేదాంక కొట్టొచ్చా?"

తీర్మానం మారలేదు. అక్క తల వంచుకుని నవ్వింది, ఏడ్చిందేమో కూడా.

ఆహ్వానం రాసే పని కూడా నాకే ఇచ్చారు. నాకు తెలిసిన పద్ధతిలో రాశాను: "తమ అమూల్యమైన సలహాలు స్వీకరించుటకై తాము దయచేసి విచ్చేయవలసిందిగా..." ఆ నెల సభ నడుపుతున్న పిల్లకు పదకొండేళ్లు ఉంటాయి, జీడిమెట్లలో మిషన్ మీద పనిచేసే ఒకాయన బిడ్డ. అది చదివి, "సార్ తాతా, మనం సలహాలు అడుగుతున్నమా?" అంది. లేదన్నాను. మరి ఎందుకు పిలుస్తున్నామో అదే రాయమంది. రాశాను. మీరు మీ మనవణ్ణి కొట్టారు, ఆ విషయం మాట్లాడటానికి బుధవారం భోజనాల తర్వాత రండి, మీ మాట కూడా వింటాం అని. మూడే వాక్యాలు. నేను రాసిన కాగితాల్లో అంత చిన్నది, అంత బరువైనది మరొకటి లేదు.

పటేలు ప్లాట్ల ఆఫీసు మేడ్చల్ రోడ్డు మీద. నేను కాగితం తీసుకుని వెళ్లేసరికి నలుగురైదుగురు కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఆయన కాగితం చదివి, నవ్వి, అందరికీ వినిపించాడు.

"సూసిండ్రా, పోరగాండ్లు నాకు పంచాయితి పెట్టిండ్రు. ఊరు మొత్తానికి నేను పంచాయితి జెప్పినోన్ని."

ఒకాయన, "పో పటేలా, జుర్మానా ఏస్తరేమొ, పైసలు పట్కపో" అన్నాడు. మళ్లీ నవ్వులు. సభ ఎవరు నడుపుతారని పటేలు నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మస్తు ధైర్యం సారూ మీ పోరగాండ్లకు. వస్త. తమాష సూస్త."

బుధవారం నిజంగానే వచ్చాడు. కోడలు వెనక వచ్చి కాస్త దూరంగా కూర్చుంది. అంతకు ముందే మేము ఒక తెలివితక్కువ పని చేశాం. ఎవరు చెప్పారో గుర్తు లేదు, వలయంలో ఆయన కోసం ఆఫీసు కుర్చీ తెచ్చి వేశాం. అందరూ నేల మీద, మధ్యలో ఒక్క కుర్చీ, దాని మీద తెల్లటి తువ్వాలు కూడా పరిచాం. సభ నడిపే పిల్ల ఆ కుర్చీని చూసింది, మమ్మల్ని చూసింది. పటేలు రాగానే ఆయన్నే అడిగింది.

"తాతా, నీకు మోకాళ్లు నొస్తయా? నొస్తే కుర్చీల కూసో. లేకుంటె తీసేస్తం."

"నాకేం నొప్పుల్లేవు," అన్నాడు పటేలు. లేవు గనుక కూర్చోవలసింది నేల మీదే. ధోవతి సర్దుకుని కూర్చున్నాడు. లెక్కల మాస్టారు కుర్చీని ఎత్తుకుపోయాడు.

మనవడు మొదట మాట్లాడాడు. లేచి నిలబడలేదు, కళ్లెత్తలేదు, కానీ గొంతు స్పష్టంగా ఉంది.

"తాత కొట్టింది నొప్పి లేదు. నేను ఏం కడుతున్ననో తాత సూడలే. ఏందని అడగలే. అడగకుంటనె కొట్టిండు. ఇప్పుడు చిన్నోల్లు నాతోని కట్టుడు బంద్ జేసిండ్రు. మల్ల తాత వస్తడేమొ అంటుండ్రు."

పటేలు గొంతు సవరించుకున్నాడు. ముందు వాడన్నది చెప్పాలని సభ నడిపే పిల్ల గుర్తు చేసింది.

"నేను కొట్టిన, నొప్పి లేసింది అంటుండు."

మనవడు తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కం అడిగితె చెప్పలే. కొట్టిన. పెద్దోన్ని, కొట్టొద్దా?"

"అది నీ మాట తాతా," అంది పిల్ల, మెల్లగా. "నీ మాట కూడ వింటం. ముందుగాల వానిది చెప్పు."

పటేలు ముఖం ఎర్రబడింది. చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అంతమంది పిల్లల్లో ఒక్కరు కూడా కదల్లేదు. భయంతో బిగుసుకుపోయి కాదు. నేను బెత్తంతో సాధించిన నిశ్శబ్దాలు చాలా చూశాను, అవి వేరు. వీళ్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు, అంతే. ఆయన చెప్పగలడని వాళ్లకు నమ్మకం. అక్క కళ్లు మూసుకుంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బడి ఉంటుందా పోతుందా అన్నది ఆ నేల మీద ఆన్చిన చేతిలో ఉందని మా పెద్దవాళ్లందరికీ తెలుసు.

ఆ చెయ్యి అలాగే కాసేపు ఉండి, మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

"మల్ల చెప్పుర," అన్నాడు మనవడితో. "ఈసారి వింట."

వాడు మళ్లీ చెప్పాడు, అవే మాటలు. పటేలు ఒక్కొక్కటి ఏరుకుంటున్నట్టు తిరిగి చెప్పాడు. నొప్పి కాదు. ఏం కడుతున్నావో నేను చూడలేదు. ఏందని అడగలేదు. ఇప్పుడు చిన్నవాళ్లకు నేనంటే భయం, నీతో కట్టడానికి రావడం లేదు. చెప్పి మనవడి వైపు చూశాడు. వాడు "గదే" అన్నాడు.

ఇక పటేలు వంతు. ఏం చెబుతాడో అనుకున్నాం. చాలా తక్కువ చెప్పాడు. "వీడు మట్టిల ఉన్నది సూసి నాకు బుగులైంది. నా బతుకంత మట్టిలనే పాయె. వీడు గూడ గట్లనే అయితడా అని."

ఇప్పుడు దాన్ని తిరిగి చెప్పవలసింది మనవడు. "తాతకు బుగులైందంట. నేను మట్టిలనే ఉంట అని." తన భయాన్ని వాడి నోట విన్నప్పుడు ఆ పెద్దమనిషి ముఖంలో కనిపించినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఆ రోజు డైరీలో కూడా ఆ చోట ఖాళీగానే వదిలాను. "గదే," అన్నాడు ఆయన కూడా.

ఆ వలయంలో శిక్షలు ఉండవు. ఏం చేస్తే సరి అవుతుందని దెబ్బ తిన్నవాణ్ణే అడుగుతారు. మనవడు ముందే ఆలోచించుకున్నట్టున్నాడు. "తాత గేటు కాడ ఆగాలె. అడగాలె. రమ్మంటెనే లోపటికి రావాలె."

"నా జాగలకు నేను అడిగి రావాల్నా?" అన్నాడు పటేలు. అని తనే నాలుక కరుచుకున్నాడు. కట్టుబాటు గుర్తొచ్చింది. మనవడి మాటను తిరిగి చెప్పాడు. గేటు దగ్గర ఆగాలె, అడగాలె, రమ్మంటేనే రావాలె. చెప్పి కడీల వైపు చూశాడు.

"తోట ఉన్ననాడు నేను గూడ గట్లనే పెట్టిన," అన్నాడు. "కాపు మీదున్నప్పుడు నా కొడుకు గూడ అడగకుంట లోపటికి రావద్దు."

ఎందుకని పిల్లలు అడిగారు. ఆయన వాళ్లకు చెప్పాడు. ద్రాక్షగుత్తి మీద సన్నని తెల్లపొడి ఉంటుందట. కాయకు దానంతట అదే పట్టే పొడి. ఎవరైనా ఊరికే చెయ్యి వేసి చూస్తే చాలు, తగిలిన చోట అది పోతుంది. కాయ అలాగే ఉంటుంది, రుచి అలాగే ఉంటుంది. కానీ ఆ పొడి మాత్రం, "మల్ల రాదు" అన్నాడు. ఆ మాట దగ్గర ఆగిపోయాడు. మనవడి చెంప వైపు చూశాడు.

కట్టుబాటు ప్రకారం దాన్ని కూడా మనవడు తిరిగి చెప్పాలి. వాడు చెప్పాడు. "చెయ్యి తగిల్తె పొడి పోతది. మల్ల రాదు." పటేలు తల ఊపాడు. 

సరేనని మాత్రం అనలేదు. "సూద్దాం" అని లేచి, ధోవతి దులుపుకుని జీపెక్కి వెళ్లిపోయాడు.

కౌలు ఏమైందని మీరు అడుగుతారు. ఎండాకాలంలో సంతకం పెట్టాడు. మనవణ్ణి హాస్టల్లో వేయలేదు. అది ఆ సభ వల్లనో, ఆ ఏడు ప్లాట్ల బేరం చల్లబడటం వల్లనో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నాకు తెలిసింది ఆ మర్నాడు ఉదయం చూసింది మాత్రమే.

గేటు తీసే పని పిల్లలు వంతులవారీగా చేసేవారు. ఆ ఉదయం చింతగింజల పిల్ల వంతు. జీపు హారను లేకుండా వచ్చి గేటు బయటే ఆగింది. మనవడు దిగి లోపలికి నడిచాడు. పటేలు ఇంజను ఆపి కిందికి దిగాడు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను.

"లోపటికి రావచ్చునా?"

"ఏం పని?"

"కాలువ సూద్దామని."

"ఆగు. అడిగొస్త," అని ఆ పిల్ల పరుగెత్తింది. దారిలో మనవడు అప్పుడే పైపులో నీళ్లు నింపుతున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఆ పిల్ల ఆగి, పట్టుకుంది. నీళ్లు నిలకడకు వచ్చేదాకా చూస్తూ, తను ఏ పని మీద వచ్చిందో పూర్తిగా మరిచిపోయింది.

అలవాటు కొద్దీ నేను లేచాను, వెళ్లి గేటు తీద్దామని. రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

ఎండ ఎక్కుతోంది. పటేలు తన తోట గేటు బయట, తన రాతి కడీకి చెయ్యి ఆనించి, కాస్త నీడలోకి జరిగి నిలబడ్డాడు.